ఈజీఆర్ వాల్వ్ పోయిందన్నారా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

పాత డీజిల్ కారు వేసుకుని హైదరాబాద్‌లో ఏ మెకానిక్ దగ్గరికైనా వెళ్లి "పికప్ లేదన్నా, నల్ల పొగ కొడుతోంది" అనండి. బానెట్ ఎత్తకముందే "ఈజీఆర్ సార్" అంటాడు. కాలిన గాలిని తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్ ఇరుక్కుందని దానర్థం. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. చిక్కంతా ఆ తర్వాత చెప్పే మందుతోనే. కొందరు వేలు పోసి కొత్త వాల్వ్ వేయమంటారు. కొందరు రేకు ముక్క కోసి దారి మూసేద్దామంటారు: "ప్లేట్ కొట్టేద్దాం సార్, ఇంక జిందగీలో టెన్షన్ ఉండదు."

నాది 2011 మోడల్ బండి. మోతీనగర్ నుంచి అమీర్‌పేటకి రోజూ ఆఫీసు తిరుగుడు. మొదటిసారి ఈ జబ్బు వచ్చినప్పుడు ఒక గ్యారేజీలో చెప్పినట్టే విని కొత్త వాల్వ్ వేయించాను. రెండు వారాలు తిరక్కుండానే పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే అదే పొగ, అదే నీరసం. చివరికి తేలిందేమిటంటే, వాల్వ్‌కి వెళ్లే సన్నటి రబ్బరు పైపు ఒకటి మడత దగ్గర చిట్లింది. దాని ఖరీదు రెండు ప్లేట్ల ఇడ్లీ అంత. అప్పటినుంచి నా పద్ధతి మారింది. ముందు జబ్బు ఖాయం చేసుకోవడం, తర్వాత కడగడం, కొనడం అన్నిటికన్నా ఆఖరున. మీకూ అదే వరుసలో చెబుతాను.

అసలు ఆ వాల్వ్ పనేంటి

సైలెన్సర్‌లోకి పోయే కాలిన గాలిలో కొంత వెనక్కి మళ్లించి మళ్లీ ఇంజిన్‌లోకే పంపడం దాని పని. వినడానికి వింతగానే ఉంటుంది. సిలిండర్‌లో వేడి బాగా పెరిగితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి. కాలిన గాలి కొంత కలిపితే ఆక్సిజన్ తగ్గుతుంది, మంట వేడీ తగ్గుతుంది, ఆ విషవాయువులు తక్కువ పుడతాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ వాల్వ్ మూసుకుంటుంది. ఐడ్లింగ్‌లో, నెమ్మదిగా పోతున్నప్పుడు తెరుచుకుంటుంది. అంటే సాయంత్రం ఆరున్నరకి అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా పాకుతూ పోతున్నంతసేపూ దానికి ఫుల్ డ్యూటీ.

కాలిన గాలిలో మసి ఉంటుంది. ఇంకోవైపు ఇంజిన్ బ్రీదర్ పైపు నుంచి ఆయిల్ ఆవిరి కూడా లోపలికి వెళ్లే గాలిలో కలుస్తుంది. పొడి మసి ఒక్కటే అయితే ఎగిరిపోయేది. దానికి నూనె జిడ్డు తోడయితే కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో దూలానికి పట్టిన పొగచూరులా అంటుకుపోతుంది. వాల్వ్ ఇరుక్కునేది దానివల్లే.

మొదటి పని: ఎటు ఇరుక్కుందో కనిపెట్టండి

వాల్వ్ తెరుచుకునే ఇరుక్కుపోతే ఇంజిన్‌కి తాజా గాలి చాలదు. సిగ్నల్ దగ్గర వణుకుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. గేర్ వేసి తొక్కితే వెనక నల్లగా మబ్బు లేస్తుంది, బండి మాత్రం గుంజదు. మైలేజీ పడిపోతుంది. వెనక బైక్ మీద వస్తున్నాయన మిమ్మల్ని తిట్టుకుంటూ ఓవర్‌టేక్ చేస్తాడు. ఇదంతా దాచినా దాగని జబ్బు.

మూసుకుని ఇరుక్కుంటే అంతా తిరకాసే. బండి బాగానే నడుస్తుంది, కొందరికి ఇంకా హుషారుగా ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. చెక్ ఇంజిన్ లైట్ మాత్రం వెలుగుతుంది. కొన్ని ఇంజిన్లలో టకటక చప్పుడు కాస్త పెరుగుతుంది. పొగ లేదు, పికప్ ఉంది, లైట్ మాత్రం ఉందంటే ముందు ఈ వైపు ఆలోచించండి.

ఇంకో రకం ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మొరాయించడం, లేదా అప్పుడప్పుడు మాత్రమే రావడం. అలాంటిదైతే నేను మసికన్నా ముందు వైరునీ కప్లర్‌నీ (వైర్లని కలిపే ప్లగ్) అనుమానిస్తాను.

రెండో పని: స్కానర్ పెట్టండి

హైదరాబాద్‌లో కొత్త కార్లకి 2010 ఏప్రిల్ నుంచే బీఎస్-4 (భారత్ స్టేజ్ పొగ నిబంధనల్లో నాలుగో మెట్టు) వచ్చింది. దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్ 1న. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మీరు సెకండ్ హ్యాండ్‌లో ఏపీ 36 లాంటి జిల్లా నంబరు బండి కొని ఉంటే, 2010 తర్వాతి మోడల్ అయినా అది బీఎస్-3 కావచ్చు. బీఎస్-3 బండ్లలో చాలావాటికి వాల్వ్ గాలి గుంజుడుతో, అంటే వాక్యూమ్‌తో పనిచేస్తుంది. బీఎస్-4 వాటిలో ఎక్కువగా లోపల చిన్న మోటారు, అది ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సార్ ఉంటాయి. మీది ఏదో తెలియకపోతే బానెట్ ఎత్తి చూడండి. వాల్వ్ నెత్తిన గుండ్రటి రేకు డబ్బా, దానికి సన్నటి రబ్బరు పైపు ఉంటే వాక్యూమ్ రకం. వైర్ల కప్లర్ మాత్రమే ఉంటే ఎలక్ట్రిక్ రకం.

స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా ఉండే ఈఎల్ఎం 327 బ్లూటూత్ స్కానర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ వేసుకుంటే చాలు. బాగా పాత బండ్లతో ఇది మాట్లాడకపోవచ్చు. అప్పుడు మంచి స్కానర్ ఉన్న మెకానిక్‌కి ఓ రెండు మూడు వందలిచ్చి చదివించుకోండి.

కోడ్ (ఏ లోపమో చెప్పే నంబరు) వచ్చింది కదా అని వెంటనే చెరిపేయకండి. ముందు ఫోటో తీసుకోండి. చెరిపేస్తే సాక్ష్యం పోయినట్టే.

పీ0401 అంటే ఈజీఆర్ ప్రవాహం తక్కువ. పీ0402 అంటే ఎక్కువ. పీ0403 వస్తే అది కరెంటు దారిలో లోపం, మసితో సంబంధం ఉండకపోవచ్చు. పీ0404 అంటే వాల్వ్ చెప్పినంత కదలడం లేదు. పీ0405, పీ0406 రెండూ పొజిషన్ సెన్సార్ సిగ్నల్ గురించి. జనం ఎక్కువగా మోసపోయేది పీ0401 దగ్గర. దాని అర్థం "వాల్వ్ పాడైంది" అని కాదు. వాల్వ్ తెరిస్తే లోపలికి వచ్చే తాజా గాలి తగ్గాలి కదా, అది తగ్గినట్టు కంప్యూటర్‌కి కనబడలేదని మాత్రమే. వాల్వ్ ఇరుక్కున్నా ఆ కోడే వస్తుంది, దారి మసితో పూడినా అదే, గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సార్ తప్పు చెప్పినా అదే. పక్కన పీ0101 కూడా ఉంటే ముందు ఎంఏఎఫ్ వైపు వెళ్లండి. పీ0299 ఉంటే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాను) గాలి ఎక్కడో లీకవుతుండొచ్చు.

యాప్‌లో లైవ్ డేటా చూడటం వస్తే ఇంకా మంచిది. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఐడ్లింగ్‌లో ఎంఏఎఫ్ అంకెనీ ఈజీఆర్ ఆజ్ఞ శాతాన్నీ (వాల్వ్‌ని ఎంత తెరవమని కంప్యూటర్ చెబుతోందో) పక్కపక్కన పెట్టుకోండి. ఆజ్ఞ పెరిగినప్పుడు గాలి అంకె తగ్గాలి, ఆజ్ఞ సున్నాకి వస్తే గాలి పెరగాలి. ఆజ్ఞ ఎంత మారినా గాలి అంకె కదలకపోతే మీ జబ్బు నిజంగా ఆ దారిలోనే ఉంది.

మూడో పని: వాల్వ్ జోలికి పోకముందు చౌక పనులు

ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి. మన ఊళ్లో ఎప్పుడూ ఏదో ఒక ఫ్లైఓవర్ పనో, పైపులైను తవ్వకమో ఉంటుంది. ఆ దుమ్మంతా తాగేది ఈ ఫిల్టరే. గాలి ఆడకపోతే నల్ల పొగ వస్తుంది, ఈజీఆర్ మీద నింద పడుతుంది.

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్ణుంచి ఇంజిన్‌కి వెళ్లే లావు రబ్బరు పైపుల కింది వైపు చేత్తో తడమండి. పైనుంచి చూస్తే చక్కగా కనబడతాయి, చిరుగు కిందే ఉంటుంది. జిడ్డు తగిలిందంటే దగ్గర్లోనే లీకు ఉన్నట్టు. తొక్కినప్పుడు ఈల లాంటి శబ్దం వినబడితే ఇంకేం చూడక్కర్లేదు.

వాక్యూమ్ రకం అయితే సన్నటి పైపులన్నీ ఒక్కొక్కటే వంచి చూడండి. డీజిల్ ఇంజిన్‌లో ఈ గుంజుడు పుట్టించడానికి వేరే పంపు ఉంటుంది. అక్కణ్ణుంచి బ్రేక్ బూస్టర్‌కి ఒక లావు పైపు, సొలినాయిడ్లకి (కరెంటుతో ఈ గుంజుడుని వదిలి ఆపే చిన్న డబ్బాలు) సన్నవి వెళ్తాయి. లావు దాని జోలికి పోవద్దు, అది మీ బ్రేకు. సన్నవి ఇంజిన్ వేడికి గట్టిపడి, చివర్లు వదులై, మడతల్లో చిట్లుతాయి. చివర వదులైతే ఒక అంగుళం కోసి మళ్లీ తొడిగినా సరిపోతుంది. నాకు చిట్లింది సొలినాయిడ్ వెనక, చెయ్యి పట్టని చోట. ఫోన్ వీడియో ఆన్ చేసి లోపలికి దూర్చి చూస్తే గానీ కనబడలేదు.

తర్వాత కప్లర్ విప్పి పిన్నులు చూడండి. పచ్చగా పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడవండి. ఎంఏఎఫ్‌కి దాని కోసమే అమ్మే స్ప్రే వాడండి. కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టకండి, లోపలి సన్నటి తీగ పాడవుతుంది. వేలితో, ఇయర్‌బడ్‌తో తాకవద్దు.

ఈ నాలుగూ చూసేసరికి ఒక గంట. ఇక్కడే తేలిపోతే చేతులు కడుక్కుని టిఫిన్ తినండి.

నాలుగో పని: వాల్వ్ కదులుతోందా

వాక్యూమ్ రకానికి మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి కొనుక్కోండి, సూది అక్కర్లేదు. వాల్వ్ నెత్తి మీది పైపు తీసి, ఆ ముక్కుకి చిన్న రబ్బరు పైపు ముక్కతో సిరంజి తగిలించి గుంజండి. లోపలి డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) బాగుంటే సిరంజి మీ చేతిని వెనక్కి లాగుతుంది. చిరిగి ఉంటే గాలి హాయిగా వచ్చేస్తుంది, అప్పుడు కడిగి లాభం లేదు. ఇప్పుడు అదే పని ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా చేయండి. గుంజగానే ఇంజిన్ శబ్దం మారాలి, తడబడాలి. డయాఫ్రమ్ బాగుండీ ఇంజిన్‌కి చీమ కుట్టినట్టయినా లేకపోతే దారి పూడిపోయిందన్నమాట. ఫ్యాను, బెల్టుల దగ్గర చున్నీ, లుంగీ, వదులు చొక్కా ఉండకూడదు.

వాక్యూమ్ రకం వాళ్లకి ఇంకో సులువైన పరీక్ష ఉంది. వాల్వ్ పైపు తీసి, పైపు మూతిని చిన్న బోల్టుతో బిగించి, కాలనీలో ఒక రౌండు కొట్టి రండి. పొగ పోయి పికప్ వస్తే వాల్వ్ అక్కర్లేనప్పుడు తెరుచుకుంటోందని ఖాయం. తప్పు సొలినాయిడ్‌దీ కావచ్చు. పొగ పోలేదంటే మసితో తెరుచుకునే బిగుసుకుపోయి ఉండొచ్చు. ఇది పరీక్ష కోసమే, చూసుకుని పైపు మళ్లీ పెట్టేయండి.

ఎలక్ట్రిక్ రకానికి చెవే పరికరం. ఊరు సద్దుమణిగాక కీ ఆన్ చేసి ఆఫ్ చేస్తే, చాలా బండ్లలో వాల్వ్ ఒకసారి తెరిచి మూసుకుంటూ చిన్నగా జుయ్యిమంటుంది. ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజు, కప్లర్ చూడండి. బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు లాగి మోటారుకి పెట్టే వాళ్లని చూశాను. ఆ పని చేయొద్దు. లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రాలుంటాయి, ఒక్క కుదుపుకి విరుగుతాయి.

ఐదో పని: విప్పి కడగడం

ఇది ఆదివారం పొద్దుటి పని. బండి రాత్రంతా చల్లారి ఉండాలి. ముందురోజు సాయంత్రమే వాల్వ్ బోల్టుల మొదట్లో డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి. వేడి వైపు బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. అవి అల్యూమినియంలో దిగి ఉంటే, బలవంతం చేస్తే తెగిపోయేది బోల్టు, ఖర్చయ్యేది లేత్ పని. పానా వేసి మొదట కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు ఆడించండి. రెండు ప్రయత్నాలకీ కదలకపోతే అక్కడ ఆపి మెకానిక్‌కి అప్పగించండి, సిగ్గేం లేదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయకండి. క్లీనర్ ఆవిరికి తల తిరుగుతుంది, నిప్పు అంటుకునే సరుకు కూడా. గేటు బయట నీడలో పెట్టుకోండి. కింద పాత అట్టపెట్టె పరవండి. నల్ల మరక పడిందా, సాయంత్రానికి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మీ పార్కింగ్ ఫోటో ఉంటుంది. చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్కు తప్పనిసరి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లోనే తేల్చింది. ఎండిన మసిని నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం రెండూ వద్దు.

సామాను: 8, 10, 13 నంబర్ల సాకెట్లు, కొన్ని బండ్లకి నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్లు, ఒకటి రెండు డబ్బాల కార్బ్యురేటర్ క్లీనర్, పాత టూత్‌బ్రష్‌లు, ఐస్‌క్రీం పుల్లలు, గుడ్డ పీలికలు. అన్నిటికన్నా ముఖ్యం కొత్త ప్యాకింగ్ (వాల్వ్ అతుకు దగ్గర గాలి లీకవకుండా పెట్టే పల్చటి రేకు). అది ముందే కొని ఇంట్లో పెట్టుకోకుండా వాల్వ్ విప్పవద్దు.

బ్యాటరీ నెగటివ్ తీయండి. అడుగడుక్కీ ఫోటో తీసుకోండి. ఏ పైపు ఎటు పోయిందో అప్పుడు గుర్తుంటుందనిపిస్తుంది, రెండు గంటల తర్వాత గుర్తుండదు. అడ్డొచ్చే గాలి పైపు తీసి, ఇంజిన్ వైపు మూతిలో గుడ్డ కుక్కండి. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క రాసుకోండి, అన్నీ బయటికి రావాలి. కప్లర్‌ని వైరు పట్టుకుని లాగొద్దు, లాక్ నొక్కి తీయండి. వాల్వ్‌కి కూలెంట్ పైపులు కూడా ఉంటే, ఇంజిన్ పూర్తిగా చల్లారిందని చూసుకుని, కింద గిన్నె పెట్టి తీయండి.

నా వాల్వ్ రెండోసారి విప్పినప్పుడు లోపల రెండు వేళ్లు దూరాల్సిన రంధ్రంలో చిటికెన వేలు కూడా పట్టలేదు. మసి పైపొర వెల్వెట్‌లా మెత్తగా ఉంది. పుల్లతో గీస్తే కింద తారులా జిడ్డు. ఇంకా కింద, వాల్వ్ కూర్చునే అంచు దగ్గర, బొగ్గు పెళ్లలా గట్టిపడి ఉంది. ఆ పెళ్ల ముక్క ఒకటి, పెసరగింజ అంత, అంచు మీద ఇరుక్కుని వాల్వ్‌ని పూర్తిగా మూసుకోనివ్వడం లేదు. నెలల తరబడి పొగ కొట్టించింది ఆ పెసరగింజే.

పైపొరని పొడిగానే పుల్లతో గీకి కాగితంలోకి తీసేయండి. తర్వాత క్లీనర్ కొట్టి ఓ పావుగంట నాననివ్వండి. వాల్వ్‌ని మోటారు పైకి, మూతి కిందకి ఉండేలా పట్టుకోండి. క్లీనర్ మోటారులోకి, డయాఫ్రమ్‌లోకి జారితే రబ్బరూ ప్లాస్టిక్కూ దెబ్బతింటాయి. మొత్తం వాల్వ్‌ని పెట్రోల్ డబ్బాలో ముంచే వాళ్లున్నారు. ఎలక్ట్రిక్ వాల్వ్‌ని అలా ముంచితే ఇక కొత్తదే గతి, పైగా పెట్రోలుతో ఆట. గట్టి పెళ్లలకి మళ్లీ మళ్లీ నానబెట్టి బ్రష్ చేయాలి తప్ప స్క్రూడ్రైవర్‌తో పొడవకూడదు. వాల్వ్ కూర్చునే అంచు మీద గీత పడితే అది ఎప్పటికీ సరిగ్గా మూసుకోదు.

కడిగాక అంచు పరీక్ష. వాల్వ్ మూసి ఉన్నప్పుడు దాని మీద కాస్త క్లీనర్ పోసి చూడండి. బొట్టు బొట్టుగా నెమ్మదిగా కారితే ఫరవాలేదు, ధారగా పోతే అంచు అరిగిందనో, ఇంకా మసి ఉందనో అర్థం.

వాల్వ్ ఒక్కటే కడిగి సరిపెట్టుకోకండి. ఇంజిన్ వైపు మూతిలో, గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్ మొదట్లో కూడా అదే పొగచూరు ఉంటుంది. చెయ్యి అందినంత మేర గీకి, రాలిన ముక్కలన్నీ బయటికే తీయండి. ఒక్క గట్టి ముక్క లోపలికి జారినా దాని దారి సిలిండర్‌లోకే. మానిఫోల్డ్ లోతుగా పూడి ఉంటే అది విప్పే పని మెకానిక్‌ది.

ఇంజిన్ నడుస్తుండగా గాలి పైపులోకి స్ప్రే కొట్టే "షార్ట్‌కట్" వీడియోలు చాలా తిరుగుతున్నాయి. డీజిల్ ఇంజిన్‌కి మండే ఏ ఆవిరైనా ఇంధనమే. మోతాదు మించితే మీ అదుపు లేకుండా ఇంజిన్ పరుగు పెడుతుంది.

ఈజీఆర్ కూలర్ ఉన్న బండ్లలో ఒక్క మాట. కూలెంట్ బయట ఎక్కడా కారకుండా తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంటే కూలర్ లోపల పగిలి ఉండొచ్చు. అది కడిగే జబ్బు కాదు. బండి తిప్పడం ఆపి వెంటనే చూపించండి.

మళ్లీ బిగించడం

పాత ప్యాకింగ్ ముక్కలు రెండు వైపులా గీకి, కొత్తది పెట్టండి. రేకు ప్యాకింగ్ మీద సిలికాన్ పేస్టు పూయొద్దు, ఆ వేడికి అది ఎలాగూ నిలవదు. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. గుడ్డలు లెక్కపెట్టి తీశాక గాలి పైపు పెట్టండి. కూలెంట్ తీసి ఉంటే అదే రకం నింపండి. బ్యాటరీ నెగటివ్ అన్నిటికన్నా ఆఖరున.

కీ ఆన్ చేసి అర నిమిషం ఆగి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. కొన్ని బండ్లు వాల్వ్ మూసుకునే చోటుని తామే నేర్చుకుంటాయి. కొన్నిటికి స్కానర్‌తో నేర్పించాలి. స్టార్ట్ చేశాక కాసేపు పొగ రావచ్చు, మిగిలిన క్లీనర్ అది. ఇప్పుడు పాత కోడ్లు చెరిపేసి గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. శంషాబాద్ దాకా నాలుగో గేర్‌లో 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య ఒకే తీరుగా పోనివ్వండి. తిరిగొచ్చాక కోడ్లు మళ్లీ చదవండి.

కడిగినా దారికి రాకపోతే

డయాఫ్రమ్ చిరిగినా, మోటారు చచ్చినా, అంచు అరిగినా కొత్తదే. పాత వాల్వ్ చేత్తో పట్టుకుని రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపులకి వెళ్లండి. కౌంటర్ మీద పెట్టి దాని మీద చెక్కిన పార్ట్ నంబరుతో పోల్చి కొనండి. ఒకే 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజిన్ స్విఫ్ట్‌లో, డిజైర్‌లో, పుంటోలో, ఇండికా విస్టాలో ఉంది కదా, ఏదైనా సరిపోతుందని షాపతను అనొచ్చు. ఇంజిన్ ఒకటే అయినా నంబరు కలవకపోతే తీసుకోవద్దు. బిల్లు అడగండి, బిల్లు లేకుంటే తిరిగి తీసుకోరు.

గోషామహల్ వైపు పాత సామానులో చౌకగా దొరుకుతాయి. వాక్యూమ్ వాల్వ్ అయితే సిరంజి జేబులో పెట్టుకెళ్లి అక్కడే పరీక్షించి కొనొచ్చు. ఎలక్ట్రిక్ వాల్వ్ మాత్రం సెకండ్స్‌లో నేను కొనను. లోపలి పళ్లు ఎంత అరిగాయో బయటికి కనబడదు.

ప్లేట్ సంగతి

మెకానిక్ చెప్పేదాంట్లో ఒక నిజం ఉంది. ప్లేట్ కొడితే మసి దారి మూసుకుంటుంది, పొగ తగ్గుతుంది, పొల్యూషన్ టెస్టులో కూడా దొరకదు. ఎందుకంటే మన దగ్గర డీజిల్ బండికి కొలిచేది పొగ నలుపు మాత్రమే, నైట్రోజన్ ఆక్సైడ్లని కాదు. అవి కంటికి కనబడవు, ఎండ తగిలితే ఓజోన్ పుట్టడానికి కారణమవుతాయి, పీల్చేది సిగ్నల్ దగ్గర నిలబడ్డ మనమే.

చట్టం సంగతికొస్తే, తయారీదారు ఇచ్చిన తీరుని ఇలా మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. అది పక్కన పెట్టినా, నాకు నచ్చని అసలు కారణం వేరే ఉంది. కంప్యూటర్ ఉన్న బండిలో ప్లేట్ కొడితే చెక్ ఇంజిన్ లైట్ వెలిగే ఉంటుంది, కొన్ని బండ్లు పవర్ కూడా తగ్గించేస్తాయి. ఎప్పుడూ వెలిగే లైటుని మీరు చూడటం మానేస్తారు. రేపు టర్బోకో ఇంజెక్టర్‌కో నిజంగా ముప్పు వచ్చినప్పుడు వెలగాల్సింది కూడా అదే లైటు.

మళ్లీ మసి పట్టకుండా

వారం మొత్తం ఆరు కిలోమీటర్ల ఆఫీసు దూరమే తిరిగితే ఏ వాల్వ్ అయినా పూడుతుంది. వారానికోసారి అరగంట సేపు హైవే మీద ఆగకుండా పోనివ్వండి. అత్తగారి ఊరు వరంగల్ అయితే ఇంకా మంచిది, ఒకే దెబ్బకి రెండు పనులు. ఇంజిన్ ఆయిల్ పుల్ల మీద పై గీత దాటనివ్వకండి. ఎక్కువైన ఆయిలే బ్రీదర్ గుండా జిడ్డవుతుంది. ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో చెప్పినదానికన్నా ముందే మార్చండి. ట్యాంకులో పోసే సీసా మందులకి డబ్బులు పెట్టకండి. ట్యాంకులో పోసిన డీజిల్ ఈజీఆర్ వాల్వ్ గుండా పోదు, ఆ మందు దాన్ని ఎలా కడుగుతుంది?

రెండు వారాలు తిరిగాక ఒకసారి బానెట్ ఎత్తి, టార్చ్ వేసి ప్యాకింగ్ చుట్టూ చూడండి. సన్నటి నల్ల గీత కనబడితే అక్కడ లీకు ఉంది, చల్లగా ఉన్నప్పుడు బోల్టులన్నీ వరసగా చూసి వదులైనవి బిగించండి. ఏమీ లేకపోతే పెట్రోలు బంకు పక్కన ఆగే పొల్యూషన్ వ్యాన్ దగ్గర టెస్టు చేయించండి. బీఎస్-4 బండికి సర్టిఫికెట్ ఏడాది నడుస్తుంది, అంతకు ముందువాటికి ఆరు నెలలు. బీఎస్-4 డీజిల్‌కి పొగ సాంద్రత పరిమితి 1.62, పాతవాటికి 2.45. పాస్ అన్న ముద్ర ఒక్కటే చూసి కాగితం మడిచి పెట్టేయకండి, మీ బండికి వచ్చిన అంకె ఫోన్‌లో రాసి పెట్టుకోండి. వచ్చేసారి అది పెరిగిందంటే లైటు వెలగకముందే మసి మళ్లీ మొదలైనట్టు తెలిసిపోతుంది.